వేయించిన అయస్కాంతాలు

శ్రీరామ్మూర్తి ఆ పొద్దున ఒకే వార్తను మూడోసారి చదివించుకుంటున్నాడు. కళ్లజోడు జేబులోనే ఉంది. అయినా ఆ వార్త భార్య నోటి నుంచి వింటేనే ఆయనకు రుచి.

"మళ్లీ సదువు తాయారూ. ఆ సైనావోడు ఏటి సేసాడూ?"

తాయారు దిబ్బరొట్టె మీద మూత తీసి చూసి, మళ్లీ పెట్టి, పేపరు అందుకుంది. "అమెరికావోడు పన్నులేసాడని కోపమొచ్చి, సైనావోడు అయస్కాంతాలు బయటికి పంపడం ఆపేసాడంట. మోటార్లు సేసే ఫేక్టరీలు మూతపడేలా ఉన్నాయంట. సాల్దా? రొట్టి మాడతంది."

"అందులో మీ అన్న ఫేక్టరీ కూడా ఉందా?"

"పేర్లు వెయ్యలేదు."

"ఏస్తారు, ఏస్తారు" అని శ్రీరామ్మూర్తి కుర్చీలో వెనక్కి వాలాడు. పదకొండేళ్లలో ఆయన టీ అంత తియ్యగా తాగింది లేదు.

గాజువాకలో ఆ ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో కాలిపోయిన మోటార్లు. వాటికి కొత్తగా రాగితీగ చుట్టడం ఆయన పని. మోటారు మూత తీయకుండానే వాసన చూసి ఏ చుట్ట కాలిందో చెప్పేస్తాడని ఆటోనగర్ అంతా చెప్పుకునేవారు. చెప్పుకునేవాళ్లలో ముందు ఆయనే ఉండేవాడు. తాయారు అన్న దేవీప్రసాద్, శ్రీరామ్మూర్తి ఒకప్పుడు కలిసే వర్క్‌షాపు పెట్టారు. పాత హార్డ్ డిస్కుల్లోంచి, పాడైన మోటార్లలోంచి చిన్న చిన్న అయస్కాంతపు బిళ్లలు ఊడదీసి దాచడం శ్రీరామ్మూర్తికి పిచ్చి. "ఇవి మామూలు అయస్కాంతాలు కావు బావా. ఎక్కడో అరుదుగా దొరికే మట్టితో సేసినవి. ఏదో ఒక రోజుకి పనికొస్తాయి" అనేవాడు.

దేవీప్రసాద్‌కు ఆ మాట వినీ వినీ విసుగెత్తింది. ఒకరోజు, పనివాళ్లందరూ చూస్తుండగా, "సైనా నుంచి పెట్టెలకి పెట్టెలు దిగుతుంటే నీ సెత్తెవుడికి కావాలి?" అని డబ్బా ఎత్తి రోడ్డు మీదికి విసిరేశాడు. అప్పుడే అటుగా ఒక ఇనుము లారీ పోతోంది. బిళ్లలన్నీ ఎగిరి దాని ఒంటికి అతుక్కున్నాయి. లారీ ఆగలేదు. శ్రీరామ్మూర్తి దాని వెనక పరుగెత్తాడు. ఆయన లెక్కలో ఆ పరుగు శ్రీకాకుళం దాకా సాగింది. నిజానికి లారీ షీలానగర్ సిగ్నల్ దగ్గర ఆగింది. అక్కడ డ్రైవరు బూతులు తిడుతుంటే, జనం నవ్వుతుంటే, ఒక్కో బిళ్లా గోళ్లతో పెరుక్కున్నాడు. ఆ సాయంత్రమే వర్క్‌షాపు వదిలేశాడు. మళ్లీ బావ గడప తొక్కలేదు, తాయారును తొక్కనివ్వలేదు. బిళ్లలు పోగెయ్యడం మాత్రం మానలేదు. వన్ టౌన్‌లో పాత సామాన్లు కొనే పీర్ మహమ్మద్ నెలకోసారి ఒక గోనెడు హార్డ్ డిస్కులు తెచ్చి పోసేవాడు. "ఏం చేస్తావ్ మేస్త్రీ వీటితో?" అని అడిగితే, "ఒకడు నా గుమ్మం ముందుకొచ్చి అడుక్కోవాల భాయ్, అంతే" అనేవాడు.

ఆ ఒకడు అదే పొద్దున వచ్చాడు. చేతిలో మాడుగుల హల్వా పొట్లం.

"అన్నియ్యా!" అని తాయారు అట్లకాడ పట్టుకునే గుమ్మంలోకి పరుగెత్తింది.

శ్రీరామ్మూర్తి లేవలేదు. "రా బావా. పదకొండేళ్లయిందా దారి తెలవడానికి? ట్రాఫిక్ బాగా ఉన్నట్టుంది."

"ఎకసెక్కాలు తర్వాత బావా" అని దేవీప్రసాద్ ప్లాస్టిక్ కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. "నీ సామాను కావాలి."

"ఏ సామాను?"

"తెలిసే అడుగుతన్నావ్. నీ డబ్బాల్లోవి."

"సెత్తా?"

దేవీప్రసాద్ తల దించుకున్నాడు. "నీ సెత్తే బావా. సోమారం డిల్లీ నుంచి ఆఫీసర్లు వస్తన్నారు. పాత అయస్కాంతాలతో కొత్త మోటారు సేసి తిప్పి సూపిస్తే, ఇలాంటి పని దేశానికంతటికీ ఆటోనగర్లోనే పెడతామంటన్నారు. లేకపోతే నా కాడ ముప్పై ఎనిమిది మంది ఇంటికెళ్లిపోవాల. ఆళ్లతో పాటు నానూ."

ఈ మాట కోసమే శ్రీరామ్మూర్తి పదకొండేళ్లు ఎదురుచూశాడు. లేదు పొమ్మందామనుకున్నాడు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ లేదంటే బావ ఇంకోచోట వెతుక్కుంటాడు. ఇస్తే? ఇచ్చి, నలుగురి ముందూ, డిల్లీ ఆఫీసర్ల ముందూ, ఆ మోటారు తిరక్కపోతే?

"దానికేటి బావా, మనలో మనకి" అన్నాడు మెత్తగా. "నలభై కిలోలున్నాయి. శనారం పంపిస్తాను."

తాయారు నమ్మలేనట్టు భర్త మొహం చూసింది. తర్వాత కళ్లు తుడుచుకుని అన్నకు రొట్టె పెట్టింది. ఆ పూట ఆమె నవ్వు ఇల్లంతా వినబడింది. శ్రీరామ్మూర్తికి అదొక్కటే కొంచెం ఇబ్బందిగా అనిపించింది.

మోటారు కాలితే లోపలి అయస్కాంతం కూడా చచ్చిపోతుంది. తీగ చుట్టేవాడికి తెలియని సంగతి కాదు. చూపుకి అదే బిళ్ల, అదే మెరుపు, లాగే శక్తి మాత్రం సున్నా. గురువారం తాయారు ఎవరిదో పెళ్లికని ఊరెళ్లింది. శ్రీరామ్మూర్తి అటక మీద నుంచి అత్తగారి పెద్ద ఇనుప మూకుడు దించాడు. తాయారు పుట్టింట్లో వేరుశనగలు ఇసుకలో వేయించేది దాంట్లోనే. షెడ్డులో పెద్ద పొయ్యి వెలిగించి, మూకుడు నిండా ఇసుక పోసి, అది ఎర్రగా కాగాక బిళ్లలు వేశాడు.

అవి ముందు జలగల్లా మూకుడును పట్టుకున్నాయి. గరిటెతో పొడిచినా కదలవు. కాసేపయ్యాక ఒకటి వదిలింది. తర్వాత ఇంకోటి. తర్వాత గలగలమని ఇసుకలో దొర్లడం మొదలెట్టాయి, అచ్చం వేరుశనగల్లాగే.

"ఇది లారీకి" అన్నాడు గరిటె తిప్పుతూ. "ఇది నవ్వినోళ్లకి. ఇది ఆ సిగ్నల్ కాడ డ్రైవరు తిట్టిన తిట్టుకి."

గోనె భుజాన వేసుకుని వచ్చిన పీర్ మహమ్మద్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "యా అల్లా! ఏం వేయిస్తున్నావ్ మేస్త్రీ?"

"బావగారి కొంప."

"పదకొండేళ్లు మోసాను నేను వీటిని" అన్నాడు పీర్ మహమ్మద్. "ఇందుకా?"

శ్రీరామ్మూర్తి గరిటె తిప్పుతూనే ఉన్నాడు. రెండు రోజులు వేయించాడు. శనివారం పీర్ మహమ్మద్ ఆటోలోనే డబ్బాలు పంపాడు.

ఆదివారం పొద్దున కూతురు నీలిమ ఇడ్లీ తింటూ తండ్రి పక్కన వచ్చి కూర్చుంది. తండ్రి వద్దన్నా వినకుండా మూడేళ్లుగా ఆ అమ్మాయి మావయ్య దగ్గరే ఇంజనీరు. ఆ మూడేళ్లూ తండ్రీకూతుళ్ల మధ్య "మీ కంపెనీ ఇంకా మూసెయ్యలేదా?" అన్న మాట తప్ప పెద్దగా మాటల్లేవు.

"థాంక్స్ నాన్నా" అంది నీలిమ. "నువ్విస్తావని నేననుకోలేదు."

"ఆటిని సూసారా?" అన్నాడాయన జాగ్రత్తగా.

"లేదు. సీలు వేసేశాం. రేపు ఆఫీసర్ల ముందే విప్పుతాం. మన భీమిలి ఇసుకలో కూడా ఈ అయస్కాంతాలకు కావలసిన ఖనిజం ఉంది కదా, కానీ దాన్ని తీసి, శుద్ధి చేసి, అయస్కాంతం చెయ్యాలంటే ఏళ్లు పడుతుంది. అంతదాకా ఎవడో కోపగించుకుని తలుపేస్తే మనం ఆగిపోకూడదు. పాతవాటితోనే నడవాలి. అదే రేపు చూపించబోతున్నాం." ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుతూ మామూలుగా అంది, "సరుకు మంచిదేనని హామీ కాగితం మీద మావయ్య సంతకం పెడతానన్నాడు. నేనొప్పుకోలేదు. నా పేరే రాశాను."

"నీ పేరెందుకు?"

"మా నాన్న చేతి సరుకు. ఇంకెవరు పెడతారు హామీ? తేడా వస్తే ఇంక నన్ను ఏ కంపెనీ గడపా ఎక్కనివ్వరు, అంతేగా" అని నవ్వి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది.

శ్రీరామ్మూర్తి ఇడ్లీ కంచంలోనే ఉండిపోయింది. ముందురోజే ఊరి నుంచి వచ్చిన తాయారు దాన్నీ, ఆయన్నీ చూసింది. అంతకుముందే షెడ్డు గోడకు ఆనించిన మూకుడును కూడా చూసింది. దాని అడుగు నల్లగా కమిలి ఉంది.

"ఏటి సేసావ్?" అంది నెమ్మదిగా.

ఆయన చెప్పాడు. గొప్పలు చెప్పడం అలవాటైన మనిషి ఈ కథను మూడు ముక్కల్లో ముగించాడు.

తాయారు ఏడవలేదు, అరవలేదు. దానికే ఆయనకు భయం వేసింది. "మా అన్న నిన్ను రోడ్డు మీద పరుగెట్టించాడు. నిజమే. ఆ రోజు నాను నీ ఎనకే వచ్చేసాను. పదకొండేళ్లు నా పుట్టింటి గడప నాకు లేదు. ఒక్కసారి అడిగానా నిన్ను?"

"లేదు."

"నువ్వు మా అన్నని ఏయించానని అనుకుంటన్నావ్. నా పిల్ల సంతకం ఏయించావు. సైనావోడికీ అమెరికావోడికీ కోపాలొస్తే ఎక్కడో ఉన్న నా అన్న కొంప కూలతంది. నీకూ మా అన్నకీ కోపాలొస్తే నా కూతురు. నాకు తేడా ఏటీ కనపడతాలేదు."

"ఇప్పుడు నీలిమకి సెప్పీమంటావా?"

"దానికొక్కదానికే ఎందుకు? ఎవల ముందర కూల్చుదామనుకున్నావో, ఆళ్ల ముందరే సెప్పు."

సోమవారం పదిగంటలకు ఇద్దరూ ఆటో దిగారు. ఒకప్పటి వర్క్‌షాపే పెరిగి ఫ్యాక్టరీ అయింది. శ్రీరామ్మూర్తికి దాని లోపల ఏ గోడ ఎక్కడుందో కూడా తెలియడం లేదు. అంతా మారిపోయింది, ఏవేవో కొత్త యంత్రాలు. నడుమ పెద్ద బల్ల, బల్ల చుట్టూ నలుగురు ఆఫీసర్లు, వెనక పనివాళ్లు. అప్పుడే నీలిమ సీలు కోసి డబ్బా బల్ల మీద ఒంపుతోంది.

బతికున్న అయస్కాంతాలైతే ముద్దగా పడాలి. ఇవి చింతగింజల్లా చెల్లాచెదురుగా దొర్లాయి.

సరుకు కాలి పాడైపోయిందనుకుని దేవీప్రసాద్ మొహం పాలిపోయింది. ఆఫీసర్లలో పెద్దాయన ఒక బిళ్ల తీసి ఇనుప బల్లకు ఆనించి వదిలాడు. అది కింద పడింది.

"ఆగండి బాబూ!" శ్రీరామ్మూర్తి గొంతు ఆయనకే కొత్తగా వినబడింది. "దానికి ఆ పిల్లకి ఏ సంబంధం లేదు. ఆటిని నానే సంపేసాను. ఇసుకలో ఎట్టి రెండ్రోజులు ఏయించాను. మా బావ మీద పగ. నన్ను పోలీసులకి ఇచ్చినా పర్లేదు, ఆ కాగితం మీద మా అమ్మాయి పేరు కొట్టీండి."

నీలిమ తండ్రి వైపు చాలాసేపు చూసింది. ఆ చూపును ఆయన తట్టుకోలేకపోయాడు. తర్వాత ఆ అమ్మాయి వంగి, కింద పడ్డ బిళ్లను తీసి, గోరుతో గీసి, వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇసుకలోనా?" అంది. "పూర్తిగా కప్పేశావా?"

"కప్పెట్టే ఏయించాను."

"అందుకే పై పూత కాలలేదు, లోపల సరుకు పాడవలేదు" అని ఆఫీసరు వైపు తిరిగింది. ఆయన అప్పటికే తల ఊపుతున్నాడు.

"నాన్నా, బతికున్న అయస్కాంతాన్ని కొయ్యలేం, అరగదియ్యలేం. పొడంతా దానికే అతుక్కుంటుంది. ముందు వేడి చేసి చంపాలి. తర్వాత మనక్కావలసిన ఆకారానికి కోసి, మోటార్లో అమర్చి, అప్పుడు ఆ యంత్రంలో పెట్టి ప్రాణం పోస్తాం." మూలనున్న నీలం రంగు యంత్రం చూపించింది. "అది వచ్చి ఏడాదయింది. నువ్వు ఇటువైపు వచ్చుంటే తెలిసేది. చంపడానికే మేం రెండు రోజులు పెట్టుకున్నాం. ఆ పని నువ్వు చేసేశావు."

ఒక బిళ్లను ఆ యంత్రంలో పెట్టి మీట నొక్కింది. లోపల 'ఢప్' మని ఒక్క చప్పుడు. బయటికి తీసి బల్లకు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుంది. బిళ్ల ఆమె వేళ్లలోంచి లాక్కుని వెళ్లి బల్లను పట్టుకుంది.

పనివాళ్లలో ఎవరో చప్పట్లు కొట్టబోయి, యజమాని మొహం చూసి మానేశారు.

దేవీప్రసాద్ బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. శ్రీరామ్మూర్తి వెనక్కి ఒక అడుగు వేశాడు, కొడతాడేమోనని. కొట్టినా న్యాయమే అనుకున్నాడు.

"నన్ను ముంచుదామనే సేసావా?"

"ముంచుదామనే."

"ఇప్పుడు గమ్మునుండిపోతే, మేలు సేసినోడివని నీ కాళ్లకి దండం ఎట్టీవోణ్ని కదా బావా. ఎందుకు సెప్పీసావ్?"

"నాకేటి తెల్సు, మీరు సంపి బతికించుకుంటారని!" అన్నాడు శ్రీరామ్మూర్తి. "పిల్ల మునిగిపోతదని సెప్పీసాను."

దేవీప్రసాద్ పనివాళ్ల వైపు తిరిగాడు. "ఈడ పాతోళ్లు ఎంతమంది ఉన్నార్రా? ఈయన్ని నాను రోడ్డు మీద పరుగెట్టించిన రోజు ఎవులెవులు నవ్వారో ఆళ్లకి తెలుసు. ముందు నవ్వింది నాను. ఆ రోజు ఈయన సెప్పిందే నిజం, నాను కూసిందే సెత్త." అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని నిలబడ్డ తాయారు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

పెద్ద ఆఫీసరు కాగితం మీద కలం పెట్టాడు. "పద్ధతి రాసుకోవాలి పెద్దాయనా. ఎంత వేడి మీద వేయించారు? ఎంతసేపు?"

"కొలతల్లేవు బాబూ. కోపం కొద్దీ ఏయించాను."

అందరితో పాటు నీలిమ కూడా నవ్వేసింది. దేవీప్రసాద్ బావ భుజం మీద చెయ్యి వేసి, "ఇంకా ఐదొందల కిలోలు ఏయించాల బావా. ఈసారి ఎవుల మీద కోపం ఎట్టుకుని ఏయిస్తావ్?" అన్నాడు.

శ్రీరామ్మూర్తి ఏదో వెటకారంగా అనబోయాడు. అలాంటి మాటలకు ఆయన ఏనాడూ తడుముకున్న మనిషి కాడు. బావ మొహంలోకి చూశాడు, కూతురి మొహంలోకి చూశాడు, స్తంభం దగ్గరున్న భార్యను చూశాడు. లోపలంతా వెతికాడు. ఎక్కడా పిసరంత కోపం కూడా దొరకలేదు.

"ఎవులూ లేరు బావా" అన్నాడు చివరికి. అంటూనే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.