అరచుక్క

"ఈ రిపోర్టు మీద సంతకం ఎవరిది?"

"మామయ్యదండి."

"పరీక్ష చేసింది?"

"నేను."

"లైసెన్స్ ఎవరికుంది?"

"ఆయనకే. కాకపోతే కంట్లో పొర వచ్చి రంగులు ఆనడం లేదు. అందుకని చూసేది నేను, సంతకం పెట్టేది ఆయన. పని పంచుకున్నాం మేడం."

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వలేదు. వయసులో అతనికంటే ఏడాదో రెండేళ్లో చిన్నదే అయ్యుంటుంది గానీ, ఆ చిన్న ల్యాబులో ఆమె నిలబడిన తీరు చూసి అతను తనకు తెలియకుండానే చొక్కా గుండీ సర్దుకున్నాడు. కెమిస్టులకు లైసెన్సులిచ్చే కౌన్సిల్ నుంచి వచ్చిందామె. తాగే నీళ్లు కావచ్చు, గోడలకు వేసే రంగులు కావచ్చు, లైసెన్స్ ఉన్న కెమిస్ట్ తన కళ్లతో చూడని పరీక్షకు సంతకం పెట్టకూడదని చట్టం.

అతనికి ఒళ్లు మండింది. "లైసెన్స్ గురించి నీళ్లకేం తెలుసండీ? నా లెక్క తప్పయితే చెప్పండి, ఒప్పుకుంటాను."

ఆమె సంచి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, అతను పరీక్షించిన నీళ్లనే ఫ్లాస్కులోకి తీసుకుంది. రంగు మార్పు చూపే సూచిక మందు వేయగానే నీళ్లు ఎర్రబడ్డాయి. పైన నిలువుగా బిగించిన, పరీక్ష ద్రావణం నింపిన సన్నటి గాజు గొట్టం (బ్యూరెట్) కుళాయి మీద ఎడమచెయ్యి వేసి, కుడిచేత్తో ఫ్లాస్కు తిప్పడం మొదలుపెట్టింది. చుక్క పడేకొద్దీ ఎరుపు పలచబడుతోంది. చివర్లో గొట్టం మొనకు సగం చుక్క వేలాడింది. దాన్ని రాలనివ్వకుండా ఫ్లాస్కు అంచుకు తాకించి, కాసిన్ని నీళ్లతో లోపలికి దించింది. ఫ్లాస్కంతా నీలమైపోయింది. రంగు తిరగడానికి ఎంత ద్రావణం పట్టిందన్నదే లెక్క.

అతను అదే పరీక్ష లెక్కలేనన్ని సార్లు చేశాడు, ఎప్పుడూ చుక్కల్లోనే. అరచుక్క దగ్గర ఆపవచ్చని చదివాడు గానీ, ఒక మనిషి చెయ్యి అంత నిదానంగా ఆగగలదని అతనికి తెలియదు. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

"మీ లెక్క సరిగ్గానే ఉంది," అందామె.

"మరి ఇంకేంటండి?"

"రేపు తప్పయితే, ఆ నీళ్లు తాగినవాళ్లు ఎవర్ని నిలదీయాలి? చూడని ఆయన్నా, సంతకం పెట్టని మిమ్మల్నా?"

ల్యాబు తలుపుకు సీలు పడింది.

ఇంట్లో అత్తయ్య అగ్గిమీద గుగ్గిలమైంది. "ఆ సీలు పిల్ల నా కంటపడనీ, కడిగేస్తాను."

"ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముందే?" అన్నాడు మామయ్య. తర్వాత అతని వైపు తిరిగాడు. "ఒరేయ్, ఈసారి పరీక్షలో లైసెన్స్ తెచ్చుకో. రాలేదంటే ల్యాబు అమ్మేద్దాం. మూసిపెట్టి అద్దె కట్టే ఓపిక నాకు లేదు."

మామయ్య బతుకంతా ఆ రెండు గదుల్లోనే గడిచింది. అతను ఆ పూట సరిగ్గా అన్నం తినలేకపోయాడు.

లైసెన్స్ పరీక్షకు ముందు కొన్నాళ్లు కౌన్సిల్ ల్యాబులో సాధన చేయాలి. తీరా వెళ్తే తెల్లకోటు వేసుకుని ఎదురొచ్చింది ఆమే.

"మీరేనా నేర్పేది?"

"ఇన్‌స్పెక్షన్ లేని రోజుల్లో నేనే. ఇబ్బందా?"

"సీళ్లు వేసే చేతులు కదండీ, కాస్త భయం."

"నా చేతుల సంగతి తర్వాత. ముందు మీ కుళాయి చూసుకోండి. బకెట్ నింపుతున్నట్టుంది."

ఆ రోజు నుంచి అతను ఆమెకు 'ధారగారు' అయిపోయాడు. అతను తిప్పికొట్టడానికి ఆమెకు 'చట్టంగారు' అని పేరు పెట్టాడు గానీ, ఎదురుగా పిలిచే ధైర్యం రాలేదు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ ల్యాబు బయట రేకుల చూరు కింద చిక్కుకుపోయారు.

"ఆ చుక్కని చూడండి," అందామె రేకు అంచు చూపిస్తూ. "రాలేముందు కాస్త బరువెక్కుతుంది. అక్కడ పట్టుకోవాలి. చూశారా?"

"చూశానండి."

"చుక్కనేనా?"

అతను గబుక్కున రేకు వైపు తిరిగాడు. ఆమె నవ్వు ఆపుకుంది.

"మొదటి రిపోర్టు మీద సంతకం పెట్టిన రోజు నాకు నిద్ర పట్టలేదు తెలుసా," అంది కాసేపయ్యాక. "ఎవరో తల్లి నా మాట నమ్మి పిల్లాడికి నీళ్లు పడుతోంది కదా అని."

అతను ఇన్నాళ్లూ చూసింది నీళ్లనే. ఆమె ఆ నీళ్లు తాగే మనుషుల్ని చూస్తోంది. ఇంత పెద్ద మనసు ఇంత చిన్న మనిషిలో ఎలా ఇమిడిందో అతనికి అంతుపట్టలేదు. ప్రేమించానని ఆ వానలోనే తెలిసిపోయింది. చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

పరీక్ష రోజు బల్లకు అటువైపు ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో తెల్లజుట్టు పెద్దాయన, ఒక పక్క మరో పరీక్షకుడు, ఇంకో పక్క ఆమె. ఈసారి నీళ్లు కాదు, యాసిడ్; లేత గులాబీ రాగానే ఆపాలి. ఇచ్చింది మూడు ఫ్లాస్కులకు సరిపోతుంది. రెండింటి లెక్క కలిస్తే లైసెన్స్.

అతను కుళాయి తిప్పాడు. చుక్కలు మొదలయ్యాయి. కుర్చీ జరిగిన చప్పుడైంది.

"సార్, ఈయనకి నేను మార్కులు వేయలేను. తప్పుకుంటాను," అంది ఆమె లేచి నిలబడి.

అతను తలెత్తి చూశాడు. తనేం తప్పు చేశాడు?

"తప్పుకుంటే కారణం అందరి ముందూ చెప్పాలి. రూల్ మీకు తెలుసుగా," అన్నాడు పెద్దాయన. "డబ్బు సంబంధమా, బంధుత్వమా?"

"డబ్బు సంబంధం లేదండి." ఆమె గొంతు సవరించుకుంది. "బంధుత్వం ఇంకా లేదండి."

అతని చెయ్యి కుళాయి మీద కొయ్యబారిపోయింది. కుళాయి మాత్రం ఆగలేదు. లేత గులాబీ రావాల్సిన ఫ్లాస్కు చిక్కటి గులాబీ అయి కూర్చుంది.

ఆమె అతని వైపు చూడకుండా బయటికి వెళ్లిపోయింది.

"సార్, మొదటిది దాటిపోయింది. నా తప్పే. లెక్కలోకి తీసుకోవద్దు," అన్నాడు అతను. మిగిలినవి రెండే. రెండూ కలవాలి. ఊపిరి బిగబట్టి కుళాయి పట్టుకున్నాడు. చివర చుక్క బరువెక్కగానే ఫ్లాస్కు అంచుకు తాకించాడు. లేత గులాబీ, రెండుసార్లూ ఒకే లెక్క.

పెద్దాయన ఫ్లాస్కులు పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇంత బాగా చేసేవాడివి, మొదటిదెందుకు పాడుచేశావయ్యా? కెమిస్ట్ అన్నాక కారణం చెప్పగలగాలి."

అతను చెప్పాడు. పెద్దాయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆమె వరండా చివర కిటికీ దగ్గర ఉంది.

"ముందు నాకు చెప్పొచ్చు కదండీ," అన్నాడతను.

"నాకు మాత్రం ముందు తెలుసా? మీరు కుళాయి తిప్పగానే, దేవుడా ఈయనకి సరిగ్గా రావాలి అనుకున్నాను. మార్కులు వేసేవాళ్లు అలా అనుకోకూడదు. ఇక కూర్చోలేకపోయాను."

ఎవరికీ వినిపించని ఒక్క కోరిక కోసం ఇంతమందిలో లేచి నిలబడిందా అని అతను ఆమెనే చూస్తూ నిలబడిపోయాడు. కిటికీ ఊచ మీద ఆమె చేతులు వణుకుతున్నాయి. ఆ చేతులు వణకడం అతను ఎన్నడూ చూడలేదు.

"ఫలితం ఏమైంది?" అని అడిగింది భయంగా.

"పాసయ్యాను. ఫ్లాస్కు ఎందుకు పాడైందని అడిగారు. నా వైపు నుంచీ బంధుత్వం ఇంకా లేదండీ, కలుపుకోవాలని మాత్రం చాలా ఉంది అని చెప్పాను."

"బోర్డు ముందా?"

"మీరు చెప్పింది ఎక్కడ మరి?"

ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది. వేళ్ల సందుల్లోంచి మాట వచ్చింది. "పెద్దాయన ఏమన్నారు?"

"ఆ లైసెన్స్ ఇచ్చే అధికారం కౌన్సిల్‌కి లేదు, వెళ్లి ఆ అమ్మాయినే అడుక్కోమన్నారు."

ఆమె చేతులు దించింది. కళ్లు తడిగా ఉన్నాయి, పెదవుల మీద నవ్వుంది.

"మరి అడగండి," అంది.