జరగని మూడు నెలలు

2074 నాటికి సావో పాలో నుంచి విశాఖకు రాకెట్‌లో గంటన్నర ప్రయాణం. నాలుగు ఖండాల క్లబ్బుల్లో ఆడుతున్న భారత ఫుట్‌బాల్ ఆటగాళ్ళంతా ఆ పొద్దున టిఫిన్ వేళకల్లా క్యాంపుకొచ్చి ఇడ్లీలు తింటున్నారు. ప్రయాణమైతే తగ్గింది గానీ క్లబ్బులిచ్చే సెలవు మాత్రం పెరగలేదు. మ్యాచ్‌కి ముందు అవే మూడు రోజులు. నాలుగో రోజు మ్యాచ్. గెలిస్తే దేశం మొట్టమొదటిసారి ప్రపంచకప్‌కి వెళ్తుంది.

కోచ్ పైల హిమజకు ఆ మూడు రోజుల మాటెత్తితేనే ఒళ్ళుమంట. ఎడమవైపు యాసిన్ ముందుకు పరిగెత్తితే వెనక ఖాళీని డేవిడ్ రాజు కాయాలి. డేవిడ్ కదిలితే యాసిన్ ఆగాలి. ఆమె అనుకున్న 3-4-3 వ్యూహానికి ప్రాణం ఆ జోడీయే. తలతిప్పి చూడకుండానే ఒకరి అడుగు ఒకరికి తెలియాలంటే కనీసం మూడు నెలలు కలిసి ఆడాలి. ఒకడు బ్రెజిల్లో, ఇంకొకడు జపాన్లో ఉంటే అదెక్కడ కుదురుతుంది? అందుకే ఇంతకుముందు కోచ్‌లందరూ తేలికపాటి 4-4-2తో సరిపెట్టుకుని, పరువుగా ఓడిపోయి ఇంటికి పోయేవారు. హిమజ అలా పోదలచుకోలేదు.

ఆమె ఆశంతా డాక్టర్ ఫణీంద్ర కనిపెట్టిన 'సహస్మృతి' మీదే. చూడటానికి అది ఈతగాళ్ళ టోపీలా ఉంటుంది. రెండు గంటలు పెట్టుకుంటే చాలు, కంప్యూటర్ అల్లిన మూడు నెలల సాధన అందరి మెదళ్ళలోనూ ఒకే జ్ఞాపకంగా నాటుకుంటుంది. పది రోజుల్లో చెరిగిపోతుంది. పత్రికలవాళ్ళు 'దేశానికే టోపీ పెడుతున్నారు' అని ఎగతాళి చేశారు. హిమజ పట్టించుకోలేదు. మొదటిరోజే అందరికీ టోపీలు తొడిగించింది.

రెండోరోజు ప్రాక్టీసులో పాసులు చూసి ఫణీంద్ర చప్పట్లు కొట్టాడు. అంతలో బంతి యాసిన్‌కీ డేవిడ్‌కీ నడుమ పడింది. మీరు తీసుకోండంటే మీరు తీసుకోండన్నట్టు ఇద్దరూ మర్యాదగా ఆగిపోయారు. రిజర్వు ఆటగాడొకడు దాన్ని ఎత్తుకుపోయి గోల్ కొట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఆ నవ్వు హిమజకు నచ్చలేదు. "ఫణీంద్ర గారూ, ఆ మూడు నెలల్లో వీళ్ళు ఒక్కసారైనా తిట్టుకున్నారా?"

"లేదు మేడమ్. కంప్యూటర్ గొడవలు కూడా అల్లింది. చెత్త కదా అని నేనే తీసేశాను."

"చెత్తేటండీ? వాడి చేత నాలుగు తిట్లు తినకపోతే, వాడెక్కడ నిలబడతాడో వీడికెలా తెలుస్తాది? మళ్ళీ కలపండి."

ఫణీంద్ర నసిగాడు. "ఆట చెరిగిపోతుందని నాకు తెలుసు మేడమ్. కోపం సంగతి నేనింకా పరీక్షించలేదు."

"కలపండి. నాక్కూడా ఓ టోపీ ఇవ్వండి. కోచ్ లేని గొడవ గొడవేటి?"

మూడోరోజు హిమజతో సహా అందరూ మళ్ళీ టోపీలు పెట్టుకున్నారు. నాలుగోరోజు మ్యాచ్ మొదలైన మొదటి నిమిషం నుంచే కేకలు. "యాడ సచ్చినావురా!" అని యాసిన్ అరిస్తే, "ముందు నీ చోటు చూసుకోరా!" అని డేవిడ్ ఎగిరాడు. కానీ ఆ ఎడమవైపు చీమ దూరే సందు కూడా లేదు. ఎనభై నాలుగో నిమిషంలో యాసిన్ కొట్టిన బంతిని డేవిడ్ తలతో గోల్‌లోకి పంపాడు. ఆ ఒక్క గోల్‌తో దేశం గెలిచింది. స్టేడియం దద్దరిల్లింది. హిమజ అందరి ముందూ ఏడ్చేసింది. ఆ ఇద్దరూ మాత్రం కావలించుకోలేదు. అలసిపోయారనుకుందామె.

రెండు వారాల తర్వాత పరీక్షిస్తే, నేర్చుకున్న వ్యూహం ఏ ఒక్కరి బుర్రలోనూ మిగల్లేదు. ఆ రోజే బ్రెజిల్ నుంచి యాసిన్ ఫోన్ చేశాడు.

"వాని పక్కన నేనాడను మేడమ్. ఆ పొద్దు వానలో మా నాయన్ను ఎంత మాటన్న్యాడు!"

"ఒరే, ఆ రోజే లేదురా! ఆ వానా లేదు. అదంతా కంప్యూటర్ అల్లింది."

"నాకూ తెలుసు మేడమ్. అయినా అట్ల అనొచ్చునా?"

హిమజ వాణ్ణి బతిమాలి, కోప్పడి, ఎలాగో ఒప్పించి ఫోన్ పెట్టేసింది. చిన్నపిల్లల్లా ఏం మనుషులురా అనుకుంటూ ప్రపంచకప్ జట్టు జాబితా ముందేసుకుంది. పేర్లు చకచకా రాసుకుంటూ వచ్చి డేవిడ్ రాజు దగ్గర ఆగిపోయింది. అదే వానలో, అందరూ వింటుండగా, వాడు తనని 'మూడు రోజుల కోచ్' అన్నాడు.

అనలేదని ఆమెకు తెలుసు. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. చివరికి పళ్ళు బిగించి వాడి పేరు రాసింది. క్షమించలేదు.