వెనక గదిలో నడిచిన మిషను

ఆ వీధి చివరి ఇంట్లో వెనక గదంటే అందరికీ హడల్. చీకటి పడ్డాక ఆ కిటికీ పక్కగా నడిచేవాళ్లే లేరు. కుట్టుమిషను ముందు కూర్చునే ఒక ముసలావిడ ఆ గదిలో ప్రాణం వదిలిందట. రాత్రిళ్లు ఇంకా కుడుతూనే ఉంటుందట.

ఈ మాట పుట్టించింది ఎవరో కాదు — ఆ ఇంట్లో ఉండే గుమాస్తాయే.

ఎందుకయ్యా అంటే, ఒళ్లు వంచడం ఇష్టంలేక. తండ్రి దర్జీ. కొడుక్కి పని చక్కగా నేర్పాడు. భార్య ఆస్పత్రిలో నర్సు. నైట్ డ్యూటీకి బయల్దేరుతూ, "ఏమండీ, నా తెల్లకోటు చంక దగ్గర పిగిలింది. కాస్త కుట్టి పెట్టండి," అనేది. ఈయన కళ్లు పెద్దవి చేసి, "రాత్రిపూట ఆ గదిలోకా! నిన్ననే చప్పుడు విన్నానే..." అనేవాడు. పగలేమో ఆఫీసు. సెలవురోజేమో నిద్ర. చిరుగుల మూట పెరుగుతూనే ఉంది. గదిలో బల్బు మాడిపోతే మార్చే దిక్కులేదు.

చెప్పగా చెప్పగా వీధి నమ్మింది. వీధి నమ్మేసరికి ఈయనకీ భయం పట్టుకుంది. తను పెంచిన కుక్క తన మీదికే లేచినట్టయింది.

ఇలా ఉండగా కూతురు బడిలో నాట్యానికి ఎంపికైంది. పిల్లకి నేల మీద కాలు నిలవలేదు. గౌను అంచుకి కుచ్చు ఉండాలి, లేకపోతే వేదిక ఎక్కనివ్వనని టీచరు ఖండితంగా చెప్పింది. తల్లి డ్యూటీకి బయల్దేరుతూ కుచ్చుకి గుడ్డ పట్టీ కత్తిరించి భర్తకి ఇచ్చింది. ఇంకో పట్టీకి గుడ్డ లేదు.

"పొద్దున్నే నాట్యం. మర్చిపోకండి. పొడుగు కుట్టు పెట్టి రెండు వరసలు వేసి, అడుగుదారం మెల్లగా లాగితే కుచ్చు అదే వస్తుంది."

"దర్జీ కొడుక్కి కుట్టు నేర్పుతున్నావా?" అని నవ్వాడు మహానుభావుడు.

నవ్వి, వరండాలో కూర్చుని పక్కింటాయనకి దెయ్యం కబుర్లు చెప్పాడు. పిల్ల ఎదురుచూసి ఎదురుచూసి నిద్రపోయింది. వీధి సద్దుమణిగాక, ఇక తప్పక, వెనక గదిలోకి వెళ్లాడు.

కరెంటు మిషనుకున్న చిన్న దీపం వేసి, గుడ్డ సూదికింద పెట్టాడో లేదో... కరెంటు పోయింది.

చిమ్మచీకటి.

కాలికి ఏదో మెత్తగా తగిలింది. అంతే — కుర్చీ తన్నేసి, బయటికి ఉరికి, తలుపు దగ్గరికి లాగి గడియ పెట్టాడు. గోడకి ఆనుకుని రొప్పుతూ నిలబడ్డాడు.

కాసేపటికి కరెంటు వచ్చింది.

టక... టక టక... టకటకటకటక...

గదిలో మిషను కుడుతోంది.

గుమాస్తా గోడ వదిలి తలుపు దగ్గరికి జరిగాడు. తలుపు సందులోంచి చూశాడు. దీపం వెలుగులో గుడ్డ దానంతటదే సూదికిందికి పాకుతోంది — ఎవరో లాగుతున్నట్టు. బల్లకింద తెల్లగా ఒక ఆకారం ముడుచుకుని కూర్చుంది. దాని చెయ్యి పెడల్ మీద ఉంది...

రెండు చేతులా గడియ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. లోపల టకటకలు మాత్రం ఆగడం లేదు.

"నాన్నా..."

కూతురు. చేతిలో టార్చితో, నిద్రకళ్లతో, నవ్వు మొహంతో వచ్చి నిలబడింది.

"మిషను చప్పుడు వినబడింది. నా గౌను కుడుతున్నావని..." అని ఆగిపోయింది. తండ్రిని చూసింది. గడియ చూసింది. "నువ్విక్కడుంటే... లోపల ఎవరు?"

"వెళ్లి పడుకో తల్లీ," అన్నాడు గుసగుసగా. "ఆవిడే... కుడుతోంది."

పిల్ల ఓ అడుగు వెనక్కి వేసింది. అయినా తన గౌను లోపలుంది. తండ్రి చేతికింద నుంచి దూరి గడియ తీసేసింది.

"వద్దే!"

ఆ ఒక్క మాట అని ఆయన వెనక్కి తగ్గాడే గాని, ముందుకి అడుగు వెయ్యలేదు.

పిల్ల టార్చి వేసి, చెయ్యి చాచి ప్లగ్గు పీకింది. మిషను ఆగింది.

బల్లకింద ఉన్నది చిరుగుల మూట. పారిపోతూ తన్నిన తన్నుకి ఒరిగి పెడల్ మీద పడింది. పైన నర్సమ్మ తెల్లకోటు, పిగిలిన చెయ్యి చాపుకుని ఉంది.

పట్టీని సూది నమిలేసింది. దారం ఉండలు చుట్టుకుని, గుడ్డ ముడతపడి, నడిమధ్యన చిల్లు. గడియ పట్టుకుని నిలబడ్డ మనిషి ఆ ప్లగ్గు పీకి ఉంటే చాలు, పట్టీ దక్కేది.

పిల్ల ఏడవలేదు. ఆ పీలిక ఒళ్లో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చుంది.

పొద్దున్న బడిలో తోటిపిల్లలందరూ నాట్యమాడుతుంటే కింద కూర్చుని చూసింది. పక్కనున్న పిల్ల చెవి దగ్గర చేరింది.

"మీ ఇంట్లో నిజంగా దెయ్యం ఉందిటగా?"

"ఉంది."

"అమ్మో! నువ్వు చూశావా? ఎలా ఉంటుంది?"

వేదిక మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

"మీసాలుంటాయి. పొద్దున్నే ఆఫీసుకి వెళ్తుంది."