రెండో చరణం

“నా రెండో చరణం ఏమైంది?” అని అడిగింది పాట పాడిన అమ్మాయి, ఎడిటింగ్ గది గుమ్మంలోనే నిలబడి.

కంప్యూటర్ ముందున్న అబ్బాయి తల తిప్పలేదు. కాలేజీలో అతన్ని అందరూ కత్తెర అంటారు. ఎంత పొడుగు వీడియో అయినా కోసి కుదించేస్తాడు.

“నిడివి ఎక్కువైంది.”

“నా గొంతు బాగాలేదని చెప్పొచ్చుగా.”

ఆమె విసురుగా వెళ్లిపోయింది. వీడియోలో తన పేరు వేయొద్దనీ, ఇక పాడననీ సాయంత్రానికి స్నేహితురాలితో కబురు పంపింది. గొంతులో ఏ లోపమూ లేదని చెప్పాలనుంది కత్తెరకు. చెబితే, మరెందుకు కోశావంటుంది. దానికి జవాబు చెప్పే ధైర్యం లేదు.

కాలేజీలో వాళ్ల వీడియో విభాగంలో ఒక పద్ధతి ఉంది. వీడియో అప్పగించే ముందు బయటివాళ్లను పిలిచి చూపిస్తారు. వాళ్లు ఏమన్నా సరే, తీసినవాళ్లు నోరు మెదపకూడదు. తల కూడా ఊపకూడదు. ఎదురు చెప్పకుండా వినడం కూడా ఒక పూజేనేమో. మనలో ఎంతమందికి చేతనవుతుంది?

ఆ రోజు పాట పాడిన అమ్మాయికీ రాక తప్పలేదు. దర్జీ పని చేసే తండ్రి, కూతురి పాట చూడాలని ముచ్చటపడ్డాడు. తీసినవాళ్లంతా ఒకచోటే కూర్చోవాలన్న పద్ధతి ప్రకారం కత్తెర పక్క కుర్చీలోనే ముఖం తిప్పుకుని కూర్చుంది.

వీడియో అయ్యాక లైట్లు వేశారు. వాన పాటలో వాన ఎక్కడని ఒకావిడ అడిగింది. అంతా అమ్మాయి ముఖమేనని జూనియర్లు నవ్వారు. ఊపందుకునే వేళకు పాటను తుంచేశారనీ, ఆ గొంతు ఇంకాసేపు వినాలనుందనీ ఒక పెద్దాయన అన్నాడు. ఆమె తలెత్తింది.

చివరికి దర్జీ గొంతు సవరించుకున్నాడు. “కెమెరా మా అమ్మాయి మీంచి కదల్లేదు. అంత ముచ్చటపడ్డవాడు సగం పాట ఎందుకు కోశాడో నాకర్థం కాలేదు.”

గదంతా నవ్వింది. కత్తెర పెదవి విప్పడానికి లేదు. చెవులు మాత్రం కందిపోయాయి. ఆమె అది చూసింది.

వరండాలో ఆమె అదే ప్రశ్న మెల్లగా అడిగింది. బయట వాన. అతను దేవుణ్ణి తలచుకుని చెప్పేశాడు. రెండో చరణం తీసింది వానలోనే. పాడినంతసేపూ ఆమె పక్కకు చూసి నవ్వింది. అటువైపు ఉన్నది డ్రమ్స్ వాయించే కుర్రాడు. ఆ చూపును మళ్లీ మళ్లీ చూడలేక కోసేశాడు.

ఆమె అతని వైపు తిరిగింది.

“ఆ డ్రమ్స్ కుర్రాడి ముందు ఎవరున్నారు?”

“నేనే. కెమెరాకు గొడుగు పట్టుకుని.”

“గొడుగు కెమెరాకు పట్టి నువ్వు తడిసి ముద్దయ్యావు. ముక్కు మీంచి నీళ్లు కారుతుంటే నవ్వు రాదా? నీ వంక చూస్తే నీకే తెలియలేదా, మొద్దూ?”

గుండెల మీంచి కుంపటి దించినట్టయింది అతనికి.

“నా పేరు వెయ్యి,” అందామె. “పెద్ద అక్షరాలతో.”

చరణం తిరిగొచ్చింది. దానితో వానా వచ్చింది. ఆమె ముఖం కనబడే షాట్లు ఎన్ని తగ్గించాలన్నదాని మీద ఇద్దరూ రెండు రోజులు పోట్లాడుకున్నారు.

రెండోసారి చూపించినప్పుడు ఎవరూ వాన ఎక్కడని అడగలేదు. దర్జీ కళ్లజోడు తుడుచుకుని, నోరు మూసుకుని కూర్చున్న ఇద్దరినీ చూశాడు.

“ఇప్పుడు కొలత సరిపోయింది. అమ్మా, ఆ అబ్బాయిని ఆదివారం మనింటికి రమ్మను. అక్కడైతే నోరు విప్పొచ్చు.”

పద్ధతి గుర్తుండి కూడా కత్తెర తల ఊపేశాడు.