ముందు వరస మూల కుర్చీ

ఉదయగిరి పాత నాటకాల హాల్లో రాత్రిపూట పాట పాడబాకండి. పాడినా, బాగా పాడబాకండి! ఇది నా మాట కాదు, ఊరంతా చెప్పే మాటే.

ఎందుకంటారా? ఎప్పుడో ఆదెయ్య అని పద్యాల పిచ్చోడు ఉండేవాడంట. నాటకం పడిందంటే చాలు, ముందు వరస మూల కుర్చీ ఆయనదే. ఒక రాత్రి మంచి పద్యానికి "వన్స్ మోర్!" అని కేకేస్తే, ఆ నటుడు వేరే ఊరికి పోవాలని పాడకుండానే దిగిపోయినాడంట. ఆదెయ్య మటుకు కుర్చీలోంచి లెయ్యలేదు. తెల్లారి చూస్తే... ప్రాణం లేదు. అప్పటినుంచీ ఎవరన్నా బాగా పాడితే చీకట్లోంచి ఆ కేక వినపడతాదంట.

మా జోయల్ కీబోర్డు వాయించే బ్యాండు ఆత్మకూరులో షో ముగించుకోని, మర్నాటి షో కోసం ఆ హాల్లోనే దిగింది. ఇదంతా జోయల్ చెప్పిందే, నేను ఉప్పూకారం ఏమీ కలపలేదు. కలిపినా కొంచెమే.

పాడే పిల్ల శిల్ప. పేరుకే సింగరు. బ్యాండు ఓనరు మణిదీప్ రికార్డు చేసిన పాట పెట్టి, ఆ పిల్ల చేత పెదాలు ఆడించేవాడు. ఆ రాత్రి రిహార్సల్లో తేల్చి చెప్పేసినాడు.

"నీ గొంతు చాలదు శిల్పా. రేపటి షో అయినాక ఇంటికి పో. నెల్లూరు షోకి వేరే అమ్మాయిని మాట్లాడినా."

పాపం, ఏడుపు దిగమింగుకోని మైకు ముందు నిలబడింది. అంతలో ఠక్కున కరెంటు పోయింది. స్పీకర్లు మూగబోయినాయి.

ఆ చీకట్లో పిల్లకి ఏం మొండితనం వచ్చిందో ఏమో — వాళ్ల అవ్వ నేర్పిన పద్యం ఎత్తుకునింది. చివర్న రాగం తీసింది చూడండీ... జోయల్‌కి ఒళ్లు జలదరించిందంట.

పద్యం అయిపోయింది.

పైన బాల్కనీలోంచి — "వన్స్ మోర్..."

"ఓరి నాయనో!" మణిదీప్ ఒక్క ఉరుకులో బయట వ్యానులో పడినాడు. జోయల్ కీబోర్డు కిందికి దూరినాడు. శిల్పకి మటుకు లోపల సంతోషం పొంగుకొస్తా ఉండాది. తన గొంతుకి ఒకరు వన్స్ మోర్ అనడం పుట్టినాక అదే మొదలు! దెయ్యమైతే ఏంది? మళ్లీ పాడింది.

"వన్స్ మోర్..." ఈసారి ముందు వరసలోంచి, మెల్లిగా.

అంతలో బాల్కనీ మెట్ల మీద సెల్లు లైటు. ఒక ముసలామె దిగతా ఉండాది, చంకలో కొయ్య చెంచాల మూట.

"భయపడబాక బిడ్డా, నేను జైతూన్‌బీని. చెంచాలు చెక్కి పైన ఆరబెట్టుకోని, రాత్రికి అక్కడే పనుకుంటా. ఎవరన్నా బాగా పాడితే గొంతు మార్చి ఒక కేకేస్తా. ఆదెయ్యేమో అని భయపడి ఇంకోసారి పాడతారు. లేకుంటే ఈ ముసల్దాని కోసం ఎవురు పాడతారు చెప్పు?"

జోయల్ నవ్వుకుంటా కీబోర్డు కిందనుంచి లేచినాడు. మణిదీప్ కూడా ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చినాడు.

"వ్యానులోంచి విన్నాలే శిల్పా. రేపు నువ్వే పాడు. నెల్లూరులో కూడా."

శిల్పకి కళ్లనీళ్లు తిరిగినాయి. జైతూన్‌బీ చేతులు పట్టుకునింది. "రెండుసార్లు అడిగినావు కదవ్వా, నీ మేలు మర్చిపోను."

ముసలామె మొహం పాలిపోయింది.

"నేను అడిగింది ఒక్కసారే బిడ్డా..." చూపు మెల్లిగా మూల కుర్చీ మీదికి పోయింది. "ముప్పై ఏండ్లుగా ఆయన పేరు చెప్పుకోని నేనే అరస్తా ఉండా. ఆయన నోరు తెరిచింది... నీ పద్యానికే."

మణిదీప్ మళ్లీ వ్యానులో తేలినాడు. శిల్ప మటుకు ఆ కుర్చీకి దణ్ణం పెట్టి, మూడోసారి ఎత్తుకునింది.