ఎడమ పక్క దెయ్యానికి గాలి రాలేదు

దెయ్యం చెయ్యి భుజం మీద పడగానే గిరీష్ పెట్టిన కేకకు బయట టికెట్ కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు.

"అరవద్దప్పా! ఇంకా షో మొదలు కాలా," అంది దెయ్యం. "నువ్వేనా ఏసీ మెకానిక్కు? ఈ పక్కకి గాలే రాలేదు, సూడు. విగ్గులో తల ఉడికిపోతాండాది."

గిరీష్ చేతిలోని టార్చి కింద పడి దొర్లింది. ఆ వెలుతురులో ముందు తెల్లచీర అంచు, తర్వాత మోకాళ్ల దాకా జుట్టు, ఆ పైన ఎర్రరంగు పులుముకున్న మొహం కనిపించాయి. అంత భయంకరమైన మొహంలో కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

"మెకానిక్కు కాదు, ఓనర్ని," అన్నాడు గొంతు సర్దుకుని. "మదనపల్లెలో షాపుండాది నాకు. సేల్స్, సర్వీసు, రెండూ."

"ఓనర్లు అట్లనే అరుస్తారా?"

"చీకట్లో వెనకనుంచి పట్టుకుంటే ఎవురైనా అరుస్తారు."

"అరిపించేదానికే గదా మాకు జీతమిచ్చేది," అని దెయ్యం విగ్గు తీసింది. చెమటతో తడిసిన నుదురు, చెవి పక్కన అంటుకున్న వెంట్రుకలు. "నా పేరు యమున. ఈ పక్క గాలి వచ్చేట్లు చెయ్యకపోతే నిన్ను దినామూ పట్టుకుంటా."

ఆ బెదిరింపు గిరీష్‌కు చాలా నచ్చింది.

పుంగనూరు రోడ్డులో కొత్తగా పెట్టిన ఊయల పార్కులో ఏసీ పనంతా అతనిదే. ఎండాకాలం జనం పార్కుకు వచ్చేది రంగులరాట్నం కోసం కాదని అతనికి బాగా తెలుసు. మంచు గది, త్రీడీ థియేటర్, దెయ్యాల బంగ్లా అన్నీ లోపలి ఆటలే. ఎండలో క్యూ కట్టిన మనిషి తలుపు తెరవగానే 'అమ్మయ్య' అనాలి. ఆ 'అమ్మయ్య' దగ్గరే సగం సంతోషం వచ్చేస్తుంది. దెయ్యాల బంగ్లాకైతే చల్లదనం మరీ ముఖ్యం. చెమట పట్టిన మనిషి భయపడడు, చిరాకు పడతాడు.

గిరీష్ ఏ పనికైనా ముందు ఏం మిగులుతుందో చూసుకోకుండా గడప దాటే రకం కాదు. అలాంటివాడు ఆ రోజు నుంచి అవసరం లేని ఫిల్టర్లు కడగడానికి, బాగా తిరిగే ఫ్యాన్లకు నూనె పెట్టడానికి మదనపల్లె నుంచి పుంగనూరుకు పరిగెత్తడం మొదలుపెట్టాడు. యమున కనిపిస్తే మాత్రం నోరు వ్యాపారంలోకే పోయేది.

"బాగుండావా?" అని ఆమె అడిగితే, "కంప్రెసర్ బాగుండాది," అనేవాడు.

అన్నీ కలిసొచ్చే వేళకు మార్కెట్లో పోటీ సరుకు ఉందని తెలిసింది. దాని పేరు మనోజ్.

మనోజ్‌ది కుప్పం. పుంగనూరులో గది తీసుకుని ఉంటూ బంగ్లాలో రెండో దెయ్యం వేషం వేస్తాడు. యమున కుడి మూల విరిగిన తలుపు వెనక నుంచి వస్తుంది, మనోజ్ ఎడమ మూల బావిలోంచి లేస్తాడు. జనం ఒక గుంపు పోయి ఇంకో గుంపు వచ్చేలోపల ఆ చీకట్లో ఇద్దరే ఉంటారు.

గిరీష్‌కు ఈ సంగతి ఏసీ గొట్టం చెప్పింది. వెనక సందులో మిషన్ చూస్తూ నిలబడితే, గొట్టంలో చల్లగాలి అటు పోతుంటే నవ్వులు ఇటు వచ్చేవి.

"ఇప్పుడొచ్చిన ఆ మీసాలాయన సూసినావా మనోజూ? పెండ్లాం వెనక దాక్కున్నాడు!"

"నువ్వు పండ్లు నూరితే మీసాలేం జేస్తాయి యమునా? నాకే భయమైతాది."

మళ్లీ నవ్వులు. గిరీష్ చెవిని గొట్టానికి ఇంకొంచెం ఆనించాడు. ఒక్కసారి ఆమె 'మనోజన్నా' అని ఉంటే ఎంత హాయిగా ఉండేది! అలా అనలేదు. తనను మాత్రం ఈనాటికీ 'ఏసీ అప్పా' అనే పిలుస్తుంది.

ఆ గొట్టం రెండుగా చీలే చోట చిన్న పిడి ఉంటుంది. దాన్ని తిప్పితే లోపలి రేకు కదిలి ఒక మూలకు గాలి తగ్గుతుంది, ఇంకో మూలకు పెరుగుతుంది. గిరీష్ అటూ ఇటూ చూసి పిడి తిప్పాడు. ఎడమకు తక్కువ, కుడికి ఎక్కువ. యమునకు చల్లదనం, మనోజ్‌కు చెమట. ఒక్క తిప్పుతో రెండు లాభాలు. తన వ్యాపారంలో ఇంత గిట్టుబాటైన పని ఎప్పుడూ చేయలేదనుకున్నాడు.

కొన్నాళ్లకు పార్కు సూపర్‌వైజర్ తిమ్మక్క ఫోన్ చేసింది.

"ఏమప్పా గిరీషూ, ఎడమ పక్క దెయ్యానికి గాలి రాలేదంట. వచ్చి సూడు."

"అట్లనా అక్కా? ఇప్పుడే వస్తాండా."

వచ్చాడు. పిడి తిప్పి ఎడమకు గాలి ఇంకొంచెం తగ్గించి పోయాడు.

కానీ లెక్క ఎక్కడో తప్పుతోంది. ఉడికిపోవాల్సిన మనోజ్ ఈల వేసుకుంటూ బయటికి వస్తున్నాడు. చల్లగా ఉండాల్సిన యమున మొహం కందిపోయి, బాటిల్‌కు బాటిల్ నీళ్లు తాగుతోంది.

"యాల అట్లుండావు?" అని అడిగాడు ఒకరోజు.

"నీకు తెలీదా?" అంది ఆమె నీరసంగా. "నీకు చెప్పి ఏం లాభం లేప్పా. నువ్వు సూసేది మిషన్లనే గదా, మనుషుల్ని కాదు."

గిరీష్ ఆ మాటను తన పద్ధతిలో కూడుకున్నాడు. వాడు హుషారుగా ఉన్నాడు, ఈమె దిగులుగా ఉంది. అంటే వాడేదో అన్నాడు, ఈమె ఏడ్చింది. ఏడ్చిందంటే మనసు అక్కడే ఉంది. ఆ సాయంత్రమే మనోజ్ మెడ చుట్టూ యమున పచ్చ చున్నీ కనిపించింది. చలికాలంలో మఫ్లర్ చుట్టుకున్నట్టు రెండు చుట్లు చుట్టుకుని టీ తాగుతున్నాడు.

గిరీష్ నేరుగా వెనక సందులోకి పోయి పిడిని చివరిదాకా తిప్పేశాడు.

మరునాడు సెలవు. పార్కు నిండా జనం. మధ్యాహ్నం తిమ్మక్క ఫోన్‌లో అరిచింది. "ఎడమ మూల దెయ్యం కండ్లు తిరిగి పడిపోయిండాది! యాడుండావు నువ్వు?"

గిరీష్ మంచు గది దగ్గరే ఉన్నాడు. పడిపోవాలని అతను కోరుకోలేదు, ఉక్కపోస్తే చాలనుకున్నాడు. పరిగెత్తాడు. బంగ్లాలో లైట్లన్నీ వేశారు. అట్టబావి పక్కన మనోజ్ మోకాళ్ల మీద కూర్చుని అట్టముక్కతో విసురుతున్నాడు. నేల మీద ఉన్నది యమున.

"ఈయమ్మ... ఈడ యాల ఉండాది?"

"మూలలు మార్చుకున్నాం గదప్పా!" అన్నాడు మనోజ్ విసరడం ఆపకుండా. "ఉన్నట్టుండి ఆ పక్క మంచు పడినట్లు గాలి మొదలాయ. ఈయమ్మకి పండ్లు కొట్టుకుంటాండాయి, తలనొప్పంటే నేనే ఆడికి పోయినా. నాకే చలికి ఆగక ఈయమ్మ చున్నీ చుట్టుకుంటాండా. ఈడేమో పొయ్యి. నీకు చెప్పి ఎన్నిదినాలైంది?"

గిరీష్ పైనున్న గొట్టం వైపు చూశాడు. ఆమెకు చల్లగా ఉండాలని తనే చల్లదనం ఎక్కువ చేశాడు. ఆ చల్లదనమే ఆమెను తరిమి, తను మండించిన మూలలో పడేసింది.

నీళ్లు చల్లితే యమున కళ్లు తెరిచింది. ఆమెను ఇంటికి పంపాక తిమ్మక్క వెనక సందులోకి పోయి చివరిదాకా తిప్పి ఉన్న పిడి చూసింది. ఆ సందులో దినామూ కూర్చుని అన్నం తినేది మనోజ్. చల్లటి మూలలో నిలబడేదీ మనోజే.

"చల్లగా ఉండింది నీకే గదా! ఒక ఆడబిడ్డను ఉడకబెట్టి నువ్వు ఈలలేస్తాండావా?"

"నేను యాల తిప్పుతానక్కా? దాన్ని తిప్పితే ఏమైతాదో కూడా నాకు తెలీదు."

తిమ్మక్క వినలేదు, పనిలోంచి తీసేసింది. మనోజ్ సంచి సర్దుకుని కుప్పం బస్సెక్కాడు. గిరీష్ గోడకు ఆనుకుని అంతా విన్నాడు. పెదవి కదపలేదు.

మరునాడు కొబ్బరిబోండాం తీసుకుని పుంగనూరులో యమున ఇంటికి పోయాడు. వాళ్లమ్మ సరోజమ్మ కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి బయటికి పోయింది. యమున అరుగు మీద కూర్చుని ఉంది.

"మనోజ్ ఇట్లా చేస్తాడనుకోలే," అంది. "నా చున్నీ అడిగి కప్పుకుని నన్నే ఉడకబెట్టినాడు. ఇంక వాని మొహం సూడను."

ఎన్నాళ్లుగానో గిరీష్ వినాలనుకున్న మాట అది. పోటీ షాపు మూతపడింది. తను చేయాల్సిందల్లా నోరు మూసుకోవడమే. అయితే పక్క షాపు తగలబడితే తన షాపుకు బేరం పెరగడం వేరు, అగ్గిపుల్ల గీసింది తనే కావడం వేరు. పైగా ఎదురుగా ఆ కళ్లు. రంగు పూసుకున్న మొహంలోంచి నవ్విన ఆ కళ్లే ఇప్పుడు ఒక మంచి స్నేహితుడిని అసహ్యించుకుంటున్నాయి.

"మనోజ్ కాదు," అన్నాడు. "నేను తిప్పినా."

ఆమె తలెత్తింది.

"వానికి ఉక్కపోయాలని తిప్పినా. మీరు మార్చుకున్నారని నాకు తెలీదు."

"వాడేం జేసినాడు నీకు?"

"నీ పక్కన ఉండాడు."

యమున కొబ్బరిబోండాం పక్కన పెట్టి లేచి చెప్పులేసుకుంది.

"బండి తీయ్."

"యాడికి?"

"కుప్పానికి. నాకు చెప్పి సరిపెట్టుకుందామనుకున్నావా? నువ్వొక్కడివే పోతే సగం చెప్పి వస్తావు, నేనూ వస్తా."

పలమనేరు దాటగానే వాన పట్టుకుంది.

"ఆపుదామా? తడిసిపోతావు."

"తడిస్తే తడుస్తా. పోనీ."

ఆమె వెనక కడ్డీ పట్టుకుని ఎడంగా కూర్చుంది. వాన మొహాన కొడుతున్నా గిరీష్‌కు వీపున ఆ దూరమే చలిగా తగిలింది.

కుప్పంలో రైల్వే స్టేషన్ దగ్గర మేనమామ సెల్‌ఫోన్ షాపులో మనోజ్ కౌంటర్ తుడుస్తున్నాడు. గిరీష్ నీళ్లు కారుతూ నిలబడి, పిడి దగ్గర మొదలుపెట్టి పచ్చ చున్నీ దాకా మొత్తం చెప్పాడు. ఫోన్ రిపేరుకొచ్చిన వాళ్లు కూడా చెవులు రిక్కించారు.

"అంటే," అన్నాడు మనోజ్ నిదానంగా, "ఉడకబెట్టాలనుకుంది నన్ను. చలి పెట్టింది నాకు. ఉడికిందేమో ఈయమ్మ." కౌంటర్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "నన్ను దొంగను చేసి పంపుతాంటే సూస్తా ఉండావు గదప్పా నువ్వు. అది మాత్రం బాలేదు."

"బాలేదు," అన్నాడు గిరీష్. అక్కడే తిమ్మక్కకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, తప్పు తనదేనని ఒప్పుకున్నాడు.

అవతల తిమ్మక్క గొంతుకు షాపంతా అదిరింది. "ఇంక నువ్వు మా పార్కు గేటు తొక్కద్దు! ఏసీలు సూసేదానికి వేరే వాళ్లను పెట్టుకుంటాం. మనోజ్‌ని రమ్మను!"

మదనపల్లె చుట్టుపక్కల గిరీష్‌కు అంతకంటే పెద్ద గిరాకీ లేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చిత్రంగా, ఊపిరి తేలిగ్గా ఆడింది.

మనోజ్ యమున వైపు చూశాడు. "చెప్పేదా?" ఆమె తల దించుకుంది. "నాకూ ఈయమ్మంటే ఇష్టమేప్పా. అడిగినా కూడా. కుదర్దనింది. ఎవురో ఉండాడంట. నోరు తెరిస్తే కంప్రెసర్ తప్ప ఇంకో మాట రాదంట."

గిరీష్ చెవులు కాలిపోయాయి. "నిజమా యమునా?"

"అది ముందటి మాట," అంది యమున. "ఇప్పుడు మళ్లా ఆలోచించుకోవాల."

తిరుగు దారంతా ఆమె ఆలోచించుకుంది. పుంగనూరు పొలిమేరలో చెప్పింది. "పెండ్లికి నాకు సరే. మా అమ్మకి మాత్రం జరిగిందంతా నువ్వే చెప్పాల. ఒక్క ముక్క తగ్గినా నేను ఒప్పుకోను."

ఆదివారం సరోజమ్మ ముందు గదిలో, కుట్టుమిషన్ ఎదురుగా, గిరీష్ చాప మీద కూర్చున్నాడు. పనిలో తిరిగి చేరిన మనోజ్‌ను కూడా ఆమే పిలిపించింది. గిరీష్ చెప్పడం అయ్యేదాకా మిషన్ ఆగే ఉంది.

"నా బిడ్డను బావిలో పెట్టి ఉడికించింది నువ్వేనా?"

"నేనేనమ్మా. కుళ్లుబోతుతనం."

"ఇంత కుళ్లుండేవానికి పిల్లనిస్తే, రేపు అది ఎవురితోనైనా నవ్వుతా మాట్లాడొచ్చునా?"

గిరీష్ తలుపు దగ్గర నిలబడిన యమునను చూశాడు. ఆమె కూడా జవాబు కోసమే చూస్తోంది.

"మాట్లాడొచ్చమ్మా. నాకు కడుపు మండుతాది, అబద్ధం చెప్పను. మండితే మండనీ. చెయ్యి మాత్రం పెట్టను."

సరోజమ్మ లేచి, ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక టేబుల్ ఫ్యాన్ తెచ్చి గిరీష్ పక్కన, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో పెట్టి స్విచ్చి వేసింది.

"యమునా, పోయి మనోజ్ పక్కన కూసో. ఆ మీసాలాయన కత చెప్పుకోండి, నేనూ వింటా."

ఫ్యాన్ తల మెల్లగా గిరీష్ వైపు వచ్చి, అంతే మెల్లగా వెళ్లిపోయింది. మనోజ్ మీసం మెలేసి చూపించాడు. యమున పగలబడి నవ్వింది. ఫ్యాన్ వాళ్లిద్దరి దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగినట్టనిపించింది గిరీష్‌కు. తల తిరగకుండా ఆపే మీట వేళ్లకు అందేంత దూరంలో ఉంది. మెడ మీంచి చెమట వీపు మీదికి జారింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

సరోజమ్మ అదంతా చూసి, మెడలోంచి టేపు తీసింది.

"లేయప్పా. పెండ్లి చొక్కాకి కొలతియ్యి."

గిరీష్ గబుక్కున లేచి నిలబడ్డాడు. యమున నవ్వు ఆపి అతన్నే చూస్తోంది. సరోజమ్మ టేపు ఛాతీ చుట్టూ తిప్పి, ఒకసారి మనోజ్‌ను, ఒకసారి గిరీష్ మొహాన్ని చూసి, వేలు దూర్చి ఇంకాస్త వదులు చేసింది.

"వదులుగానే కుడతానప్పా," అంది. "కడుపు మండినప్పుడల్లా లోపల కొంచెం గాలి ఆడాల."