నాలుగు పోగుల సందు

"రెండు పోగులు చాలవా తాతయ్యా?"

"నాలుగు," అన్నాడు తాతయ్య, తలెత్తకుండానే.

పొద్దున్నుంచీ ఇద్దరం పడవ పనిలోనే ఉన్నాం. ఇంటి వెనక రేకుల షెడ్డు నిండా తారు వాసన. తాతయ్య నలభై ఏళ్ళు ఓడలు కట్టిన వడ్రంగి. మానేశాక చేతులు ఊరుకోక ఇంట్లో చిన్న పడవ మొదలుపెట్టాడు. అంతా పాత పద్ధతే. పలకకీ పలకకీ మధ్య సందులో నూలు పోగులు పెట్టాలి, కొయ్య సుత్తితో దట్టించాలి, పైన తారు పూయాలి. కుడి పక్క సందులు ఆయనవి, ఎడమ పక్కవి నావి.

నాకప్పుడు పదేళ్ళు. ఇప్పుడు తాళ్ళూ మేకులూ అమ్ముతున్నాను గానీ, లెక్కలేసే బుద్ధి అప్పటిదే. ఆఖరి సందుకి నాలుగు పోగులంటే చీకటి పడుతుంది. రెండైతే ఆటకి గంటన్నర మిగులుతుంది. తారు పూశాక లోపల ఎన్నున్నాయో ఎవరికి తెలుస్తుంది?

తాతయ్య టీకి లేచాడు. రెండే దట్టించి, నున్నగా తారు పూసి, ఆటకి పరిగెత్తాను.

ఆదివారం పడవని తోపుడుబండి మీద కాలువకి తీసుకెళ్ళాం. అమ్మా, తమ్ముడూ కూడా వచ్చారు.

"మొదటిసారి నీళ్ళలోకి దింపేటప్పుడు, ఎవరు దట్టించిన సందు దగ్గర వాళ్ళే కూర్చోవాలి," అన్నాడు తాతయ్య. "ఎంత పెద్ద ఓడైనా మా మేస్త్రీల పద్ధతి ఇదే."

వెంటనే లెక్క వేసుకున్నాను. కాలువ నాకు నడుం లోతు. మహా అయితే గౌను తడుస్తుంది.

"అక్క చోట నేను కూర్చుంటా!" అన్నాడు తమ్ముడు. ఆ నీళ్ళు వాడికి మెడ దాకా వస్తాయి.

"నీకు నీళ్ళంటే భయం కదరా?" అంది అమ్మ.

"అక్క కట్టిందిగా. భయమెందుకు?" అంటూ వాడు బండి మీదున్న పడవలోకి కాలెత్తాడు.

నా లెక్కలో వాడు లేడు.

"ఆగరా!" చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. "తాతయ్యా, ఆ సందులో రెండు పోగులే ఉన్నాయి."

తాతయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఏ సందు?" అన్నాడంతే. చూపించాను. బండి ఇంటి వైపు తిప్పాడు. వెనక నుంచి నేను తోశాను.

"నాలుగు దాకా లెక్క నాకే వచ్చు. నీకు రాదా అక్కా?" అని దారంతా తమ్ముడు ఏడిపించాడు.

తారు గీకి, పాత పోగులు ఉలితో లాగేసి, మళ్ళీ మొదలుపెట్టాను. తాతయ్య పక్కనే పీట మీద కూర్చుని, తను కట్టిన ఓడల కబుర్లు చెప్పాడు. సుత్తి మాత్రం ముట్టుకోలేదు. ఒక్కో పోగూ దిగుతుంటే తమ్ముడు గట్టిగా లెక్కపెట్టాడు. మిగుల్చుకున్న గంటన్నరకి ఆదివారం మొత్తం పోయింది. ఆ కబుర్లు మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

మరుసటి ఆదివారం తాతయ్య కుడి పక్క, నేను ఎడమ పక్క కూర్చుని అవతలి గట్టు దాకా వెళ్ళొచ్చాం. తమ్ముడు ఒడ్డునే గంతులేస్తున్నాడు.

వంగి, నా సందు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి అరచెయ్యి రాశాను. పొడిగా ఉంది.

అదే చెయ్యి వాడికి అందించాను. "ఇప్పుడు రా."